పైప్‌లైన్ ఫండ్లలో ఏది కొనాలి? ముందు ఏ ఖాతాలో కొంటున్నారో చెప్పండి

మా తోడల్లుడు హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాడు. వాళ్ల ఇంటి వెనక నడకదారి పొడవునా అక్కడక్కడా పసుపు రంగు గుంజలు పాతి ఉంటాయి. కింద పెట్రోలియం పైప్‌లైన్ ఉంది, తవ్వే ముందు ఫోన్ చెయ్యండి అని వాటి మీద రాసి ఉంటుంది. ఏళ్ల తరబడి సాయంత్రం పూట వాటి పక్కనే వాకింగ్ చేస్తున్న మనిషికి పోయిన సంక్రాంతికి ఉన్నట్టుండి ఆలోచన వచ్చింది. "అన్నా, ఈ గొట్టంలో పారే ప్రతి పీపాకీ ఎవడో టోల్ తింటున్నాడు కదా, అందులో మనకూ ఒక ముక్క రాదా?" వస్తుంది అన్నాను. అంతే, పది నిమిషాల్లో వాట్సాప్‌లో రెండు పైప్‌లైన్ ఫండ్ల స్క్రీన్‌షాట్లు పంపాడు. ఒకటి ఏఎంఎల్‌పీ, ఏడున్నర, ఎనిమిది శాతం ఇస్తోందట. ఇంకోటి ఎంఎల్‌పీఎక్స్, ఐదు లోపే. "ఇందులో ఇంక ఆలోచించేదేముంది?"

చాలానే ఉంది. ఈ ఫండ్లలో ఈల్డ్ (ధర మీద ఏడాదికి చేతికిచ్చే శాతం) చూసి కొనడమంత పొరపాటు ఇంకోటి లేదు. లోపల ఉండేవి ఇంచుమించు ఒకే రకం కంపెనీలు, ఆ పైపులే, ఆ ట్యాంకులే. తేడా అంతా ఫండ్‌ని ఏ రకం పన్ను చొక్కా తొడిగి నిలబెట్టారు అన్నదాంట్లోనే ఉంది. ఆ చొక్కా మీ రోత్ ఖాతాకి (పన్ను పడని రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నప్పుతుందా, మామూలు బ్రోకరేజ్ ఖాతాకి నప్పుతుందా, రేపు ఇండియా వెళ్లిపోతే ఏమవుతుంది, ఇవి తేలితే ఫండ్ పేరు దానంతట అదే తేలిపోతుంది. అందుకే ఫోన్‌లో మా వాడిని నేను అడిగిన మొదటి ప్రశ్న "ఏ ఖాతాలో?" అని.

ముందు రెండు ముక్కల్లో సంగతి

మాస్టర్ లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్, అంటే ఎంఎల్‌పీ, స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కొనుక్కోగలిగే భాగస్వామ్య సంస్థ. 1981లో అపాచీ కంపెనీ వాళ్లు మొదటిది పెట్టారు. ఇదేదో బాగుందే అని హోటళ్లు, బాస్కెట్‌బాల్ జట్లు కూడా ఇదే బాట పట్టేసరికి 1987లో అమెరికా కాంగ్రెస్ గేటు వేసింది. ఆదాయంలో 90 శాతమైనా చమురు, గ్యాస్, గనుల వంటి సహజ వనరుల నుంచో, చట్టంలో రాసిన మరికొన్ని రకాల ఆదాయం నుంచో వస్తేనే ఈ హోదా అంది. హోదా ఉంటే సంస్థ కార్పొరేట్ పన్ను కట్టనక్కర్లేదు, లాభనష్టాలు నేరుగా యూనిట్ ఉన్నవాళ్ల ఖాతాల్లోకి వెళ్తాయి. హ్యూస్టన్‌లోని ఎంటర్‌ప్రైజ్ ప్రొడక్ట్స్, డాలస్‌లోని ఎనర్జీ ట్రాన్స్‌ఫర్, ఒహాయోలోని ఎంపీఎల్‌ఎక్స్, ప్లెయిన్స్ ఆల్ అమెరికన్, వెస్టర్న్ మిడ్‌స్ట్రీమ్ ఈ జాతివి.

ఇక్కడే చిక్కు. మామూలు ఈటీఎఫ్ (షేర్‌లా ఎక్స్ఛేంజ్‌లో కొనే ఫండ్) గానీ మ్యూచువల్ ఫండ్ గానీ తాను పన్ను కట్టకుండా నడవాలంటే ఎంఎల్‌పీల్లో 25 శాతానికి మించి పెట్టకూడదు. మించితే ఆ ఫండ్ కూడా ఒక కంపెనీ లెక్కే, లాభం మీద 21 శాతం ఫెడరల్ కార్పొరేట్ పన్ను కట్టాలి (2018కి ముందైతే 35 శాతం). ఫండ్లన్నీ ఈ గీతకి ఇటో అటో ఉన్నాయి. ఏ ఫండ్‌ని చూసినా నేను మొదట వెతికేది ఇదే. అసలు ఫండ్ ఏ కంపెనీది, దాని మేనేజర్ ఎవరు అన్నవి నాకు తర్వాతి సంగతులు.

చూడాల్సినవి, ముఖ్యమైన వరసలో

ఒకటి, ఖాతా. ఐఆర్ఏ, రోత్ లాంటి పన్ను రక్షణ ఉన్న రిటైర్మెంట్ ఖాతానా, మామూలు ఖాతానా.

రెండు, ఏడాది చివర ఏ కాగితం వస్తుంది. కే-వన్ (భాగస్వామిగా మీ వాటా లాభనష్టాల చిట్టా) వస్తే ఒక కథ, 1099 (మీకొచ్చిన డివిడెండ్, వడ్డీ చూపే మామూలు కాగితం) వస్తే ఇంకో కథ.

మూడు, లోపల నిజంగా ఎంఎల్‌పీలు ఎంత. పేరులో ఆ మూడక్షరాలు ఉన్నంత మాత్రాన లోపల ఉన్నట్టు కాదు.

నాలుగు, అసలు ఖర్చు. ఫీజు ఒక్కటే కాదు, లోపల కట్టే పన్ను, అప్పు మీద వడ్డీ కూడా.

ఐదు, 2020 మార్చి లాంటి నెల ఇంకోటి వస్తే దాని గతేమిటి. ఆ ఒక్క నెలలో ఎంఎల్‌పీల ధరల్ని కొలిచే అలేరియన్ ఎంఎల్‌పీ సూచీ ఇంచుమించు సగానికి పడింది. తర్వాతి నెల, ఏప్రిల్ 20న, అమెరికా చమురు ధరకి కొలబద్ద అయిన డబ్ల్యూటీఐ కాంట్రాక్టు ధర మైనస్ 37 డాలర్ల కిందికి పోయింది. "టోల్ గేటు వ్యాపారం, చమురు ధరతో సంబంధం లేదు" అని బ్రోషర్లలో రాసే మాట ఆ రోజుల్లో ఎవరినీ కాపాడలేదు.

ఫోన్‌లో చూసేవాళ్ల కోసం పట్టిక ఇదిగో, వివరం కింద ఉంది.

| రకం | ఉదాహరణ | లోపల ఎంఎల్‌పీ వాటా | వచ్చే కాగితం | ఫండ్ స్థాయిలో పన్ను | ఫీజు |
|---|---|---|---|---|---|
| నేరుగా యూనిట్లు | ఎంటర్‌ప్రైజ్, ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ | పూర్తిగా | కే-వన్ | లేదు | లేదు |
| కంపెనీ చొక్కా ఈటీఎఫ్ | ఏఎంఎల్‌పీ | పూర్తిగా | 1099 | ఉంది | 0.85% |
| అదే రకం, చవక | ఎంఎల్‌పీఏ | పూర్తిగా | 1099 | ఉంది | 0.45% |
| 25 శాతం ఈటీఎఫ్ | ఎంఎల్‌పీఎక్స్ | పావు వంతు దాకా | 1099 | లేదు | 0.45% |
| అదే రకం, కెనడా వాటా ఎక్కువ | ఈఎన్‌ఎఫ్‌ఆర్ | పావు వంతు దాకా | 1099 | లేదు | 0.35% |
| నోటు | ఏఎంజేబీ | సూచీ మొత్తం, కాగితం మీద | 1099 | లేదు | 0.85% |
| క్లోజ్డ్ ఎండ్ | కేవైఎన్ | మారుతూ ఉంటుంది | 1099 | ఉంది | ఫీజు, పైన వడ్డీ |

నేరుగా కొనడం: కే-వన్ కథ

ఫండ్ల గురించి చెప్తానని దీనితో మొదలెట్టడానికి కారణం, ఫండ్లు ఎందుకు పుట్టాయో ఇది చూస్తేనే అర్థమవుతుంది.

2019లో నేను ఒక పైప్‌లైన్ సంస్థవి 80 యూనిట్లు నేరుగా కొన్నాను. ఏడాదికి చేతికొచ్చింది 140 డాలర్లు. ఫిబ్రవరిలోనే హుషారుగా రిటర్న్ వేసేశాను, రీఫండ్ కూడా వచ్చేసింది. మార్చి మూడో వారంలో కే-వన్ వచ్చింది. ఒకటో గడిలో నష్టం, మైనస్ చూపిస్తోంది. పంతొమ్మిదో గడిలో నాకిచ్చిన 140 డాలర్లు. ఇరవయ్యో గడిలో ఏవేవో అక్షరాలు, వాటి వెనక రాష్ట్రాల వారీగా పేజీలకి పేజీలు, నేను జన్మలో అడుగుపెట్టని ఓక్లహోమాలో నా వాటా ఆదాయం మూడు డాలర్లట. సవరించిన రిటర్న్ వెయ్యడానికి సీపీఏ (పన్నుల అకౌంటెంట్) 175 డాలర్లు తీసుకున్నాడు. అంటే ఆ ఏడాది ఎదురు 35 డాలర్లు నేనే ఇచ్చుకున్నాను!

సరే, తప్పు నాది, తొందరపడ్డాను. కానీ ఎక్కువ మొత్తం పెట్టి, ఓపికగా పదిహేనేళ్లు ఉంచేవాళ్లకి అన్నిటికన్నా లాభసాటి దారి ఇదేనని ఒప్పుకోవాలి. చేతికొచ్చే డబ్బులో ఎక్కువ భాగం మీద ఆ ఏడాది పన్ను ఉండదు, మీరు కొన్న ధర లెక్కలో ఆ మేరకు తగ్గుతుంది అంతే. ఆదాయం మీద పన్ను పడినా అందులో 20 శాతం మినహాయింపు ఉంటుంది, ఆ మినహాయింపు ఫండ్ ద్వారా కొంటే మీదాకా రాదు. మధ్యలో ఫీజు తినేవాడూ ఉండడు.

కానీ ఇందులో రెండు గోతులున్నాయి. మొదటిది అమ్మేటప్పుడు వస్తుంది. వాయిదా పడ్డ పన్నులో పెద్ద భాగం మామూలు ఆదాయం కింద తిరిగొస్తుంది, దీర్ఘకాల లాభాల తక్కువ రేటు దానికి వర్తించదు. పైగా అమ్మడం మీ చేతిలోనే ఉంటుందని కూడా లేదు. 2023 సెప్టెంబర్‌లో వన్‌ఓక్ కంపెనీ మెగెలన్ మిడ్‌స్ట్రీమ్ అనే ఎంఎల్‌పీని కొనేసినప్పుడు, ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చున్నవాళ్లకి అడగకుండానే పన్ను బిల్లు ఎదురొచ్చింది. రెండో గొయ్యి ఐఆర్ఏలో కొనడం. వ్యాపార ఆదాయం కింద లెక్కకొచ్చేది ఏడాదికి వెయ్యి డాలర్లు దాటితే ఐఆర్ఏ కూడా పన్ను కట్టాలి, 990-టీ అనే ఫారం వెయ్యాలి. చిన్న మొత్తమే కదా, దాటదులే అనుకుంటారు. అమ్మిన ఏడాది ఒక్కసారిగా దాటుతుంది.

ఏఎంఎల్‌పీ, ఎంఎల్‌పీఏ: ఈల్డ్ ఎక్కువ, లోపల పన్ను

2010 ఆగస్టులో ఏఎంఎల్‌పీ వచ్చింది కే-వన్ గోల తప్పించడానికే. అచ్చంగా ఎంఎల్‌పీలే కొంటుంది, కాబట్టి ఇది గీతకి అవతల, కంపెనీ చొక్కాలో ఉంది. మీకు 1099 వస్తుంది, సాధారణంగా అందులో చాలా భాగం మూలధనం వాపసు (మీ డబ్బే మీకు తిరిగిచ్చినట్టు) అని చూపిస్తుంది, ఆ ఏడాది దాని మీద పన్ను లేదు.

మరి నొప్పి ఎక్కడ? లోపలున్న ఎంఎల్‌పీలు పది డాలర్లు పెరిగాయనుకోండి. రేపు అమ్మితే కట్టాల్సిన ఫెడరల్, రాష్ట్ర పన్ను కింద ఫండ్ దాదాపు 2 డాలర్ల 30 సెంట్లు ఇవాళే పక్కన పెట్టేస్తుంది. మీ యూనిట్ విలువ ఏడు డాలర్ల డెబ్బై సెంట్లే పెరుగుతుంది. సూచీ పరుగెడుతుంటే ఫండ్ వెనక కుంటుతూ వస్తుంది, మంచి ఏళ్లలో ఈ తేడా పెద్దదే. పడేటప్పుడు ఆ పక్కన పెట్టిన డబ్బు కొంత దెబ్బ కాస్తుంది, కానీ అది అయిపోయాక, 2020లో అయినట్టు, ఇక కాచేదేమీ ఉండదు. ఇంకో తమాషా, ఈ వాయిదా పన్నుని కూడా ఖర్చు కింద చూపాలి కాబట్టి వార్షిక నివేదికలో ఒక్కో ఏడాది ఖర్చు శాతం ఫీజుకి ఎన్నో రెట్లు కనిపిస్తుంది. అది చూసి గుండె జారనక్కర్లేదు, అలాగని ఫీజు 0.85 చూసి ఇంతేకదా అని మురిసిపోవడానికీ లేదు.

మా వాడికి నేను చూపించిన లెక్క ఇదొక్కటే. ఏఎంఎల్‌పీ మొదలైనప్పుడు యూనిట్ ధర 15 డాలర్లు. 2020లో ఐదు యూనిట్లని ఒకటిగా కలిపేశారు, అంటే ఇవాళ్టి లెక్కలో మొదలైన ధర 75. 2025లో అది 50కి అటూ ఇటూ తిరిగింది. పదిహేనేళ్లు డిస్ట్రిబ్యూషన్లు (మదుపరులకి పంచే డబ్బు) ఇచ్చింది నిజమే, వాటితో కలిపితే నష్టపోలేదు, కానీ "ఎనిమిది శాతం తింటాను, అసలు భద్రంగా ఉంటుంది" అనుకున్నవాళ్లకి అసలు భద్రంగా లేదు. ఇది ఎఫ్‌డీ కాదని ఫోన్‌లో మా వాడికి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

2012లో గ్లోబల్ ఎక్స్ తెచ్చిన ఎంఎల్‌పీఏ కూడా ఇదే సరుకు, సూచీ వేరు, ఫీజు 0.45 శాతం. పదివేల డాలర్ల మీద ఏడాదికి 85 బదులు 45. ఏఎంఎల్‌పీ పెద్దది, రోజూ బాగా చేతులు మారుతుంది, అంతకు మించి దానికి ఎక్కువ ఇవ్వడానికి నాకు కారణం దొరకలేదు.

రెండిటికీ ఉమ్మడిగా ఉన్న ఇబ్బంది ఇంకోటి ఉంది, చెరువు ఎండిపోతోంది. 2014లో కిండర్ మోర్గాన్ తన పార్ట్‌నర్‌షిప్‌లని కంపెనీలో కలిపేసుకుంది, 2018లో విలియమ్స్, ఎన్‌బ్రిడ్జ్ అదే పని చేశాయి, తర్వాత మెగెలన్, హోలీ ఎనర్జీ పోయాయి. మిగిలినవి కొద్ది. ఏఎంఎల్‌పీ లోపల లెక్కపెడితే పదిహేను లోపే ఉంటాయి, పైనున్న ఐదారింటిలోనే సగానికి మించి డబ్బు. అదేం డైవర్సిఫికేషన్ అంటే నా దగ్గర జవాబు లేదు.

ఎంఎల్‌పీఎక్స్, ఈఎన్‌ఎఫ్‌ఆర్: పావు వంతు పాలు, ముప్పావు నీళ్లా?

కాదు, ఆ ముప్పావు కూడా పైపులే. 25 శాతం దాకా ఎంఎల్‌పీలు, మిగతాది కంపెనీలుగా నడిచే పైప్‌లైన్ సంస్థలు, అంటే విలియమ్స్, కిండర్ మోర్గాన్, వన్‌ఓక్, టార్గా, ద్రవరూప సహజవాయువు (ఎల్‌ఎన్‌జీ) ఎగుమతి చేసే షెనియర్, కెనడా నుంచి ఎన్‌బ్రిడ్జ్, టీసీ ఎనర్జీ. గీతకి ఇవతల ఉన్నాయి కాబట్టి ఫండ్ స్థాయిలో పన్ను లేదు, పది పెరిగితే ఫీజు పోను పదీ మీకే. ఈల్డ్ తక్కువ ఉండడానికి ఒక కారణం ఈ కంపెనీలు లాభంలో కొంత తమ దగ్గరే ఉంచుకుని కొత్త పైపులు వేస్తాయి, ఆ పెరుగుదల ధరలో కనిపిస్తుంది. సూచీల తేడా చిన్నదే. ఎంఎల్‌పీఎక్స్ అమెరికా వైపు మొగ్గుతుంది, ఈఎన్‌ఎఫ్‌ఆర్‌లో కెనడా వాటా గట్టిగా ఉంటుంది, ఫీజు 0.35. టార్టాయిజ్ వాళ్ల టీపీవైపీ అని 0.40 శాతంతో ఇంకోటుంది, అందులో ఇళ్లకి గ్యాస్ పంచే కంపెనీలు కూడా ఉంటాయి, కాస్త నెమ్మదస్తురాలు.

ఈఎంఎల్‌పీ అని ఫస్ట్ ట్రస్ట్ వాళ్లది ఇంకోటి. పేరు చూసి మోసపోయేది దీనితోనే. మేనేజర్ ఎంచి కొనే ఫండ్ ఇది, లోపల కరెంటు కంపెనీలు కూడా పెద్ద వాటాలో ఉంటాయి, ఫీజు 0.95 దగ్గర. చెడ్డ ఫండ్ అనను, పడ్డప్పుడు తక్కువ పడుతుంది, కానీ పైప్‌లైన్ కావాలని వచ్చినవాడికి ట్రాన్స్‌ఫార్మర్ అమ్మినట్టుంటుంది.

"ఎంఎల్‌పీ కొన్నాను" అని చెప్పుకోవడం ముఖ్యమైతే ఈ రకం మీకు నచ్చదు. పైపుల వ్యాపారంలో వాటా ముఖ్యమైతే, ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే.

నోట్లు

ఈటీఎన్ అంటే లోపల యూనిట్లేవీ ఉండవు, సూచీ ఎంత ఇస్తే అంత మేమిస్తాం అని బ్యాంకు రాసిచ్చిన ప్రామిసరీ నోటు. జేపీ మోర్గాన్ వాళ్ల ఏఎంజే 2009లో వచ్చి 2024 మేలో గడువు తీరింది, దాని స్థానంలో ఏఎంజేబీ ఉంది. కార్పొరేట్ పన్ను లేదు, కే-వన్ లేదు, సూచీని 0.85 ఫీజు తేడాతో అంటిపెట్టుకుని వెళ్తుంది. కూపన్, అంటే నోటు మీద చేతికొచ్చే డబ్బు, మొత్తం మామూలు ఆదాయం, జీతం మీద కట్టే రేటే, కాబట్టి మామూలు ఖాతాలో పెడితే మండుతుంది. రోత్‌లో పెడితే మాత్రం అచ్చమైన ఎంఎల్‌పీ సూచీకి అన్నిటికన్నా దగ్గరి దారి ఇదే. బ్యాంకు మునిగితే నోటూ మునుగుతుంది, 2008లో మునిగిన లేమన్ బ్యాంకు నోట్లు పట్టుకున్నవాళ్లని అడగండి.

రెండు రెట్లు ఇస్తామనే నోట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆ రకం కొన్ని 2020 మార్చిలో విలువ దాదాపు సున్నాకి చేరి మూతపడ్డాయి. తర్వాత చమురు లేచింది, పైపులు లేచాయి, ఆ నోట్లు మాత్రం లేవలేదు.

కేవైఎన్ లాంటి క్లోజ్డ్ ఎండ్ ఫండ్లు

క్లోజ్డ్ ఎండ్ అంటే యూనిట్లు ఫండ్‌కి తిరిగి అమ్మే వీలుండదు, మార్కెట్లో ఇంకొకరికి అమ్ముకోవాలి. కేన్ ఆండర్సన్ వాళ్ల కేవైఎన్ 2004 నుంచి ఉంది. కంపెనీ చొక్కా, పైగా అప్పు తెచ్చి కొంటుంది. లోపలి విలువ కన్నా తక్కువ ధరకి దొరకడం మామూలే, నూరు రూపాయల సరుకు తొంభైకి వస్తోందని మన వాళ్లు ఎగబడేది అందుకే. కానీ ఆ తొంభై రేపు ఎనభై అయితే ఆపేవాడు లేడు. 2020 మార్చిలో ఈ రకం ఫండ్లకి అప్పుకి ఉండాల్సిన ఆస్తి నిష్పత్తి తప్పిపోయింది. నిబంధన ప్రకారం అప్పు తీర్చాలి, తీర్చాలంటే అమ్మాలి, అమ్మింది సరిగ్గా పాతాళంలో ఉన్న ధరలకి. తర్వాత మార్కెట్ కోలుకున్నా అమ్మేసిన యూనిట్లు తిరిగి రావు కదా. డిస్ట్రిబ్యూషన్లు కూడా కోసేశారు. దెబ్బ తిన్నాక ఇప్పుడు అప్పు తగ్గించుకుని, కంపెనీ షేర్లు కూడా కలుపుకుని జాగ్రత్తగానే ఉన్నారు. నా వరకు నేను కొనను. నిద్ర పట్టాలి నాకు.

మ్యూచువల్ ఫండ్ రూపంలో ఇన్వెస్కో స్టీల్‌పాత్ వాళ్లవి ఉన్నాయి. ఇవీ కంపెనీ చొక్కావే, ఏ క్లాస్ అయితే కొనేటప్పుడే ఐదు శాతం పైన లోడ్ (అమ్మకం కమిషన్) పడుతుంది. ఈటీఎఫ్‌లు ఉండగా వీటి అవసరం ఎవరికో నాకు తెలియదు, సలహాదారుకి తప్ప.

ఇంతకీ మీరెవరు?

*డబ్బు రోత్‌లోనో ఐఆర్ఏలోనో ఉంది.* ఎంఎల్‌పీఎక్స్ లేదా ఈఎన్‌ఎఫ్‌ఆర్. ఏఎంఎల్‌పీ ఇక్కడ కొంటే మీకు పన్ను లేని చోట కూర్చుని ఫండ్ చేత 21 శాతం కట్టించుకుంటున్నట్టు. మూలధనం వాపసు అనే దాని అసలు సుగుణం రోత్‌లో గుడ్డి గవ్వకి కొరగాదు. మీ ఆఫీసు రిటైర్మెంట్ ఖాతా 401కేలో వీటిలో ఏదీ ఉండకపోవచ్చు, బయటి ఫండ్లు కొనుక్కోనిచ్చే బ్రోకరేజ్ విండో ఉంటే చూసుకోండి.

*మామూలు ఖాతా, ఇద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు, పన్ను శ్లాబు పైన.* ఇక్కడ మాత్రం ఎంఎల్‌పీఏకి ఒక వాదన ఉంది. 50 డాలర్లకి కొన్న యూనిట్ ఏడాదికి 3.50 ఇస్తోంది, అంతా మూలధనం వాపసే అనుకుందాం. పదేళ్లలో 35 డాలర్లు పన్ను లేకుండా తిన్నారు, కొన్న ధర లెక్కలో 15 అయింది. అదే 50కి అమ్మితే 35 మీద దీర్ఘకాల లాభం పన్ను, చాలామందికి 15 శాతం, అంతే. నేరుగా ఎంఎల్‌పీ అమ్మినప్పుడు పడే మామూలు ఆదాయం రేటు ఇక్కడ ఉండదు. కానీ ఈ వాయిదా సుఖానికి బదులుగా పెరుగుదలలో ఐదో వంతు పైనే ఫండ్‌కి వదిలేస్తున్నారు. చేతికి డబ్బు ఇప్పుడే కావాలా, మొత్తం పెరగాలా? పెరగాలంటే మళ్లీ ఎంఎల్‌పీఎక్స్ వైపే రండి, నలభై ఏళ్ల వయసులో ఎనిమిది శాతం చేతికి తీసుకుని ఏం చేస్తారు, తిరిగి పెట్టడమే కదా.

*రిటైర్ అయ్యారు, అమెరికాలోనే స్థిరం, నెలసరి ఖర్చులకి డబ్బు రావాలి.* ఎంఎల్‌పీఏ, ఏఎంఎల్‌పీ పనికొస్తాయి, డబ్బు మూడు నెలలకోసారి వస్తుంది. కొన్న ధర ఎంత తగ్గినా, పోయాక పిల్లలకి చేరేటప్పుడు ఆనాటి మార్కెట్ ధరే కొత్త కొన్న ధర అవుతుంది, వాయిదా పడ్డ మీ పన్ను అక్కడితో చెరిగిపోతుంది. మొత్తం పొదుపులో ఐదు శాతం మించి మాత్రం వద్దు, 2020 మార్చి గుర్తుంచుకోండి. లెక్కల పిచ్చి ఉండి, ఎక్సెల్ తెరిస్తే హాయిగా ఉండే రకం అయితే, రెండు మూడు పెద్ద ఎంఎల్‌పీలు నేరుగా కొని కే-వన్‌లతో కాలక్షేపం చెయ్యొచ్చు, మా ఊరి రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకాయన అదే చేస్తున్నారు, ఏప్రిల్ వస్తే ఆయనకి పండగ.

*ఎఫ్-1 స్టూడెంట్ వీసాలో ఉన్న పిల్లలు.* మొదటి ఐదేళ్లు సాధారణంగా మీరు పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్లు. విదేశీయుడికి ఎంఎల్‌పీ ఇచ్చే డబ్బులోంచి 37 శాతం అక్కడికక్కడే కోసేస్తారు. 2023 జనవరి నుంచి యూనిట్లు అమ్మినా వచ్చిన మొత్తంలో 10 శాతం పట్టుకుంటున్నారు, లాభం మీద కాదు, మొత్తం మీద. యాప్‌లో ఒక్క నొక్కుతో కొనెయ్యొచ్చు, కొన్నాక తెలుస్తుంది.

*రెండు మూడేళ్లలో హైదరాబాదో విజయవాడో వెళ్లిపోదామనుకుంటున్నారు.* పై పేరా మీకూ వర్తిస్తుంది, ఇండియాలో స్థిరపడి, నేను అమెరికా పన్నుకి విదేశీయుణ్ణి అని బ్రోకర్‌కి డబ్ల్యూ-8 ఫారం ఇచ్చిన మర్నాటి నుంచి. కాబట్టి నేరుగా కొన్న ఎంఎల్‌పీలు ఉంటే విమానం ఎక్కేలోపే అమ్మెయ్యండి. ఫండ్లైతే ఆ 37 బాధ లేదు, డివిడెండ్ మీద భారత్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం 25 శాతం కోస్తారు, దాన్ని ఇండియా పన్నులో సర్దుకునే వీలుంటుంది. ఇంకోటి, చెప్పకూడదు గానీ చెప్పాలి. అక్కడ స్థిరపడ్డాక, అమెరికా పౌరసత్వం లేనివాళ్లు పోతే, వాళ్ల పేరున అమెరికా షేర్లు, ఫండ్లు 60,000 డాలర్లు దాటి ఉంటే అమెరికాలో ఎస్టేట్ పన్ను (పోయినవాళ్ల ఆస్తి మీద పన్ను) లెక్కలోకొస్తుంది. భారత్‌తో దానికి ఒప్పందమేమీ లేదు.

*ఇండియాలోనే ఉండి, ఎల్‌ఆర్‌ఎస్ (బయటి దేశాలకి డబ్బు పంపే రిజర్వ్ బ్యాంకు పథకం) కింద డాలర్లు పంపి కొందామనుకునేవాళ్లు.* ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, పది లక్షల రూపాయలు దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు, రిటర్న్‌లో సర్దుకోవచ్చు. అంతా చేసి చేతికొచ్చే ఈల్డ్‌లో పావు వంతు అమెరికాలోనే పోయేట్టయితే, ఆ ఈల్డ్ కోసమే వెళ్లడం ఎందుకు? పెరుగుదల కోసం ఎంఎల్‌పీఎక్స్ రకం అయితే సరే. పైపులే కావాలంటే మనకీ ఉన్నాయి, కాకినాడ దగ్గర గాడిమొగ నుంచి తెలంగాణ మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా పోయే గ్యాస్ పైప్‌లైన్ ఒక ఇన్విట్ (పైపులు, కరెంటు లైన్ల వంటి ఆస్తులు పట్టుకునే ట్రస్టు) చేతిలోనే ఉంది. అది ప్రైవేటుగా అమ్మిన ఇన్విట్, మనలాంటి చిల్లర మదుపరి కోసం పెట్టింది కాదు. అందరూ కొనుక్కోగలిగినవి కావాలంటే కరెంటు లైన్ల ఇన్విట్లు, పవర్‌గ్రిడ్‌ది, ఇండిగ్రిడ్‌ది ఉన్నాయి, వాటి పన్ను లెక్క పూర్తిగా వేరు.

మా వాడు ఏం చేశాడంటే

లెక్క తీస్తే అతని దగ్గర ఖాళీగా ఉన్న డబ్బు ముప్పాతిక వంతు రోత్‌లోనే ఉంది. రెండో ఫోన్‌లో అంత పన్ను కథ విని, చివర్లో "అయితే ఆ ఐదు శాతందే కొనాలా" అన్నాడు, పెళ్లిలో గారెలు అయిపోయాయని చెప్తే పెట్టే మొహం ఎలా ఉంటుందో అలాంటి గొంతుతో. రోత్‌లో ఎంఎల్‌పీఎక్స్ కొన్నాడు. మామూలు ఖాతాలో మాత్రం నాకు చెప్పకుండా ఏఎంఎల్‌పీ ఒక నలభై యూనిట్లు కొన్నాడని మొన్న మా మరదలు చెప్పింది. మూడు నెలలకోసారి వచ్చే ఆ డబ్బులతో వాకింగ్ బూట్లు కొనుక్కుంటాడట.